కాన్పు, ఆచారం, ఆస్పత్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భిణులు, వాళ్ళ అమ్మలు, అత్తలు, ఆశా కార్యకర్తలు, లేబర్ రూమ్ స్టాఫ్ నర్సులు, సర్వేలకు తిరిగే విద్యార్థులు... ఎవరిని కదిపినా సందేహాలు మళ్ళీ మళ్ళీ ఇవే. అందుకే ఒకచోట చేర్చాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మందుల మోతాదులు అవగాహన కోసమే రాశాం. మీకెంత అన్నది మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి.

## ముందుగా వచ్చే అనుమానాలు

సాంస్కృతిక భద్రత అంటే ఏమిటి? నర్సమ్మ మర్యాదగా మాట్లాడితే చాలదా?

ఈ ఆలోచన న్యూజిలాండ్‌లో పుట్టింది. ఇరిహపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ (అక్కడి ఆదివాసీ) నర్సు దీన్ని ముందుకు తెచ్చారు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ నర్సుల, మిడ్‌వైఫ్‌ల చదువులో దీన్ని తప్పనిసరి చేసింది. ఇందులో కీలకం ఒకటే: వైద్యం భద్రంగా అనిపించిందో లేదో తేల్చాల్సింది దాన్ని పొందిన మనిషి. నర్సు మనసు మంచిదే కావచ్చు. కానీ ఏ భాషలో చెప్పారు, ఎవరెదుట బట్టలు తీయమన్నారు, అడక్కుండా ఏం చేశారు అన్నవి ఆ తల్లి లెక్కలోకి వస్తాయి. "వీళ్ళింతే, చెప్పినా వినరు" అనుకునే అలవాటు తనలో ఉందేమో సిబ్బంది చూసుకోవడం కూడా ఇందులో భాగమే. మర్యాద అవసరమే, కానీ అది మొదటి మెట్టు మాత్రమే.

అంటే ఇంట్లోవాళ్ళు చెప్పే ప్రతి ఆచారానికీ తలూపాలా?

అక్కర్లేదు. ఆచారాల్లో ఎక్కువభాగం హాని లేనివి: గాజులు, సీమంతం, చెవిలో దూది, పురుటి స్నానం. వీటికి అడ్డుపడితే ఆస్పత్రి పరువే పోతుంది. కొన్ని మేలు చేస్తాయి: పుట్టింటి విశ్రాంతి, బిడ్డను ఒంటికి హత్తుకుని పడుకోబెట్టుకోవడం. కొన్నే ప్రమాదం: బాలింతకు నీళ్ళు మాన్పించడం, మూసిన గదిలో కుంపటి, బిడ్డ నోట్లో తేనె. మాట్లాడి ఒప్పించాల్సినవి ఇవి. ఆస్పత్రికీ ఆచారాలున్నాయి: అందరికీ షేవింగ్, ఎనిమా, వెల్లకిలా పడుకోబెట్టడం, బిడ్డ వచ్చే దారిలో అందరికీ కోత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం వీటిలో ఏదీ అందరికీ అలవాటుగా చేయాల్సింది కాదు. జల్లెడ పడితే రెండువైపులా పట్టాలి.

తల్లుల మరణాలు బాగా తగ్గాయిగా, ఇంకా ఈ గొడవెందుకు?

తగ్గిన మాట నిజం. 2018–20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. అయితే రాష్ట్ర సగటులో ఏజెన్సీ గూడెం కనబడదు. ప్రాణం పోవడానికి దారితీసే ఆలస్యాలను థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా విడగొట్టారు: వెళ్దామని నిర్ణయించుకోవడంలో, చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో. మొదటి కాన్పులో తిట్లు తిన్న మనిషి రెండోసారి "ఇంకాసేపు చూద్దాం" అంటుంది. అక్కడే మొదటి ఆలస్యం మొదలవుతుంది.

## గర్భంతో ఉన్నప్పుడు

ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందట, నిజమేనా?

కాదు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. మాత్ర వల్ల నల్లబడేది మీ విరేచనం, దానికి భయం లేదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. టీ, కాఫీలకు గంట ఎడం, కాల్షియం మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. చాలామంది రెండూ కలిపి ఒకే గుక్కలో మింగేస్తారు, తర్వాత "మాత్రలు పనిచేయలేదు" అంటారు. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనత. 7 కన్నా తక్కువైతే మాత్రలతో కాలక్షేపం చేయకుండా పెద్దాస్పత్రికి వెళ్ళాలి.

ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్తమ్మ తిననివ్వడం లేదు. ఏం చేయాలి?

ఆపరేషన్ సౌకర్యం లేని రోజుల్లో పుట్టిన భయం ఇది. ఆమెను తప్పుపట్టకండి. ఇప్పుడైతే తక్కువ తినడం వల్ల వచ్చే ముప్పే ఎక్కువ: రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టే బిడ్డకు పాలు పట్టడమూ కష్టమే, ఒళ్ళు వెచ్చగా నిలవడమూ కష్టమే. మీరు వాదించే బదులు ఆమెనే చెకప్‌కు తీసుకెళ్ళండి. ఏఎన్‌ఎం ఆమె ముందే బరువు తూచి, కార్డులో పోయిన నెల అంకె పక్కన రాసి చూపించాలి. ఇంట్లో వంట ఎవరి చేతిలో ఉందో వాళ్ళతో మాట్లాడకుండా గర్భిణికి మాత్రమే సలహా చెబితే అది గుమ్మం దాటదు.

గ్రహణం రోజు కదలకుండా, తినకుండా ఉండమంటున్నారు.

గ్రహణానికీ గ్రహణమొర్రికీ సంబంధం లేదు. కాసేపు గదిలో పడుకుంటే నష్టమూ లేదు. అయితే నీళ్ళు ఆపకండి. ఇన్సులిన్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు వేళ తప్పకూడదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా గ్రహణం విడిచేదాకా ఆగకూడదు.

మొదటి కాన్పు పుట్టింట్లోనే. మధ్యలో ఆస్పత్రి మారితే ఇబ్బందా?

కాగితాలు వెంట ఉంటే ఇబ్బంది లేదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్, బ్లడ్ గ్రూపు, షుగర్ పరీక్ష, పాత ఆపరేషన్ ఉంటే దాని డిశ్చార్జి కాగితం తీసుకెళ్ళండి. మొదటి స్కానింగ్ చాలా ముఖ్యం, నెలలు సరిగ్గా లెక్కకట్టేది దానితోనే. పుట్టింటికి చేరిన వారంలోపే అక్కడి ఆశాకు పేరు చెప్పి, కాన్పు జరగబోయే ఆస్పత్రికి ఒకసారి వెళ్ళి చూపించుకోండి. నొప్పులతో మొదటిసారి గుమ్మం తొక్కడం ఎవరికీ మంచిది కాదు.

పంతులుగారు మంచి ముహూర్తం చెప్పారు. ఆ టైముకు సిజేరియన్ చేయించుకోవచ్చా?

ముందు ఆపరేషన్ అవసరమా అన్నది తేలాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5. అన్నిటికీ ముహూర్తాలే కారణం అనలేం. కానీ ముహూర్తం కోసం మామూలు కాన్పును ఆపరేషన్‌గా మార్చుకోవడం మన దగ్గర ఉన్నదే.

వైద్య కారణంతో సిజేరియన్ ఖాయమైతే, 39 వారాలు నిండాక డాక్టర్ ఇచ్చిన రోజుల్లోంచి పగటి వేళ మంచి ఘడియ ఎంచుకోండి. దానివల్ల నష్టం లేదు. చిక్కంతా అంతకుముందు తేదీ అడిగినప్పుడే. నొప్పులు రాకుండా 37, 38 వారాలకే తీసిన బిడ్డకు ఊపిరితిత్తుల్లోని ద్రవం సరిగా ఇంకక ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. తేదీ లెక్క ఒక వారం తప్పిందంటే 38 అనుకున్నది నిజానికి 37. తెల్లవారుజాము ముహూర్తమైతే మత్తు డాక్టర్, బ్లడ్ బ్యాంకు, పిల్లల డాక్టర్ అందుబాటులో ఉంటారా అని అడగండి. ఒకసారి కోత పడిన గర్భసంచిలో వచ్చే కాన్పుకు మాయ ఆ మచ్చ మీదే అతుక్కునే ముప్పు ఉంటుంది. ఆపరేషన్లు పెరిగేకొద్దీ ఆ ముప్పూ పెరుగుతుంది. ఈ సంగతి పంతులుగారికి కూడా చెప్పండి. తేదీల పరిధి ముందే చెబితే చాలామంది అందులోనే ముహూర్తం చూసిపెడతారు.

## నెలలు నిండాక

మా గూడేనికి రోడ్డు లేదు. నొప్పులొచ్చాక డోలీ కట్టుకుని దిగితే సరిపోదా?

సరిపోదు. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే చేతిలో ఉండే సమయం తక్కువ, డోలీ నడక గంటల లెక్క. అందుకే లెక్కకట్టిన తేదీకి కనీసం రెండు వారాల ముందే ఆస్పత్రి దగ్గరి గర్భిణుల వసతి గృహానికి చేరడం మేలు. పార్వతీపురం మన్యం వైపు సాలూరులో ఇలాంటిది ఉంది. మీ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఎక్కడుందో ఏఎన్‌ఎం చెబుతారు.

వసతి గృహం కట్టినా ఖాళీగా ఎందుకుంటుందని అధికారులు అడుగుతుంటారు. కారణాలు మామూలువే: ఇంటి దగ్గర చంటిపిల్లలు, పోడు పని, అలవాటులేని కూడు, వాళ్ళ భాషలైన కువి గానీ సవర గానీ వచ్చిన మనిషి ఒక్కరూ లేకపోవడం. పెద్దబిడ్డను, తోడుగా ఒక ఆడమనిషిని వెంట ఉండనిచ్చి, వాళ్ళ రాగి అంబలి వాళ్ళు కాచుకునేలా పొయ్యి ఇస్తే నిలబడతారు. రాలేనివాళ్ళ కోసం ఆశా దగ్గర నాలుగు సంగతులు రాసి ఉండాలి: డోలీ మోసేవాళ్ళెవరు, 108 బండి ఎందాకా వస్తుంది, ఫోన్ సిగ్నల్ అందే చోటేది, అదే గ్రూపు రక్తం ఎవరిది.

మంత్రసాని ఇక అక్కర్లేదా?

ఒంటరిగా కాన్పు చేయడానికి వద్దు. తోడుగా ఉండటానికి ఆమె కన్నా తగిన మనిషి దొరకదు. నడుం రుద్దుతుంది, ధైర్యం చెబుతుంది, వాళ్ళ భాషలో డాక్టర్ మాట చేరవేస్తుంది. ఆమెకు చెప్పాల్సిన హద్దులు: బొడ్డుతాడు లాగకూడదు, పొట్ట మీద నొక్కకూడదు, బిడ్డ అడ్డం తిరిగితే చేయి పెట్టకూడదు. వీటన్నిటికన్నా ప్రమాదం ఊళ్ళో ఆర్‌ఎంపీతో నొప్పులు పెరగడానికి ఇప్పించే సూది. కొలత లేకుండా, ఎవరూ కనిపెట్టకుండా ఇచ్చే ఆక్సిటోసిన్‌తో గర్భసంచి చిరిగిపోవచ్చు, బిడ్డకు ఊపిరి ఆడకపోవచ్చు.

## కాన్పు గదిలో

నొప్పులప్పుడు మా అమ్మను లోపలికి రానిస్తారా?

రానివ్వాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పుకు తోడు ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో చెప్పింది, 2017 డిసెంబరులో కాన్పు గదుల నాణ్యత పెంచడానికి మొదలైన లక్ష్య కార్యక్రమంలోనూ అది ఉంది. 15,000 పైచిలుకు స్త్రీలతో జరిగిన 26 పరిశోధనలను కలిపి చూస్తే, వదలకుండా తోడున్నవారికి సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయమూ కొంత తగ్గింది. రానివ్వకపోవడానికి చెప్పే కారణం చాలాచోట్ల మంచాల మధ్య తెర లేకపోవడం. అలాంటప్పుడు అడగాల్సింది తెర. ఉమ్మడి గదిలో పక్క తల్లుల మరుగు కోసం తోడు ఆడమనిషైతే బాగుంటుంది. తోడొచ్చినవారు నీళ్ళు తాగించాలి, నడిపించాలి, నడుం నొక్కాలి. "తొందరగా ముక్కు" అని అరవడం వాళ్ళ పని కాదు.

మా వాళ్ళు కూర్చునే కనేవాళ్ళు. ఆస్పత్రిలో పడుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. నొప్పుల మొదటి దశలో నడుస్తూ, కూర్చుంటూ ఉన్నవారికి ఆ దశ సగటున 1 గంట 22 నిమిషాలు తగ్గిందని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. బిడ్డ బయటికి వచ్చే దశలో నిటారుగా ఉంటే కోతలు, పరికరాల కాన్పులు తగ్గాయి. 500 మిల్లీలీటర్లు దాటి రక్తం పోవడం మాత్రం కొంత పెరిగి ఉండవచ్చు. కాబట్టి కొలిచే ఏర్పాటు పక్కనే ఉండాలి.

ఇది ఎంత మార్పు తెస్తుందో పెరూ చూపించింది. ఆయకూచో ప్రాంతంలోని సాంటిల్యానా జిల్లాలో కెచువా ఆదివాసీ స్త్రీలతో మాట్లాడి కాన్పు గదిని మార్చారు: పట్టుకోవడానికి తాడు, కూర్చోవడానికి చిన్న బల్ల, వెనక నుంచి పట్టుకునే భర్త, కెచువా మాట్లాడే సిబ్బంది, అడిగితే మాయ చేతికివ్వడం. 1999లో అక్కడి కాన్పుల్లో 6 శాతమే ఆస్పత్రిలో జరిగేవి, 2007కి 83 శాతం. 2005లో పెరూ ప్రభుత్వం నిటారు కాన్పుకు జాతీయ నియమావళే తెచ్చింది.

నర్సులకు: నేల మీద శుభ్రమైన పరుపు, దాని మీద ప్లాస్టిక్ షీటు, తక్కువ ఎత్తు స్టూలు, గట్టి కొక్కేనికి తాడు ఉంటే చాలు. బిడ్డ గుండె చప్పుడు మొదటి దశలో 15–30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వినాలి. డాప్లర్‌తో కూర్చున్నప్పుడూ వినొచ్చు. గొంతుకూర్చుని కాళ్ళు లాగేస్తే ఎడమవైపు పక్కకు పడుకోబెట్టండి. రక్తస్రావం ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, పరికరం పెట్టాల్సి వచ్చినా మంచం ఎక్కించాల్సిందే.

నొప్పులు మొదలయ్యాక మంచినీళ్ళు కూడా ఇవ్వడం లేదు. సరైనదేనా?

ముప్పు లేని కాన్పులో తాగొచ్చు, తినాలనిపిస్తే తినొచ్చు. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, జావ, ఇడ్లీ చాలు. ఆపరేషన్ అవకాశం ఎక్కువగా ఉన్నవారికి మాత్రం డాక్టర్ ఆపమంటారు. ఎందుకో చెప్పమని అడగండి.

పొట్ట మీద ఎక్కి నొక్కారు, చెప్పకుండా కోత పెట్టారు. అలాగే చేస్తారా?

చేయకూడదు. పొట్ట మీద నొక్కి బిడ్డను తోయడం ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దన్న పని. గర్భసంచికి, కిందిభాగానికి గాయాలవుతాయి. అందరికీ కోత అక్కర్లేదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గి త్వరగా తీయాల్సినప్పుడు, పరికరంతో తీసేటప్పుడు అవసరం పడొచ్చు. అప్పుడైనా ముందు చెప్పి, మత్తు సూది ఇచ్చి, ఆపైనే పెట్టాలి. కుట్లకూ మత్తు ఇవ్వాలి.

అరిచారు, చెంప మీద కొట్టారు. అందరికీ ఇలాగే జరుగుతుందా?

చాలామందికి జరుగుతుంది, అంతమాత్రాన అది మామూలు విషయం కాదు. 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఘనా, గినీ, మయన్మార్, నైజీరియాల్లో 2,016 కాన్పులను పక్కనుండి గమనిస్తే 838 మంది దెబ్బలో, తిట్లో, వివక్షో ఎదుర్కొన్నారు. బిడ్డ పుట్టడానికి అరగంట ముందు నుంచి పుట్టిన పావుగంట దాకా దెబ్బలు, తిట్లు ఎక్కువ. చిన్న వయసువారు, చదువు తక్కువైనవారు ఎక్కువగా బలయ్యారు. సిబ్బంది కంగారుపడే ఆ ముప్పావుగంటకే ఒక మనిషిని అదనంగా వేయడం తేలికైన మందు. ఫిర్యాదు ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, షిఫ్టు, జరిగిన మాట రాస్తే చాలు, పేరు తెలియకపోయినా పర్వాలేదు.

విదేశంలో కాన్పు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మా ఆయన చెబితే సరిపోదా?

ప్రేమకు సరిపోతుంది, వైద్యానికి చాలదు. భర్త ఎదుట పాత గర్భస్రావం, ఇంట్లో హింస లాంటివి బయటికి రావు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో దుబాసీ ఉచితం. మొదటి అపాయింట్‌మెంట్‌కు ముందే తెలుగు మనిషి కావాలని, కావాలంటే ఆడవారే కావాలని చెప్పండి. ఫోన్‌లో అయినా ఏర్పాటు చేస్తారు.

## బిడ్డ పుట్టగానే

మాయను మా ఆచారం ప్రకారం పాతిపెట్టుకోవాలి. ఇస్తారా?

మన ఆస్పత్రుల్లో 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల కింద దాన్ని పసుపు సంచిలో వేస్తారు కాబట్టి అప్పటికప్పుడు అడిగితే కాదంటారు. నెలలు నిండకముందే డాక్టర్‌తో మాట్లాడండి. న్యూజిలాండ్ ఆస్పత్రుల్లో మావోరీ కుటుంబాలకు అప్పగించడం మామూలు విషయం.

చెడు రక్తం పోతేనే మంచిదంటారు. ఎంత పోతే భయపడాలి?

500 మిల్లీలీటర్లు దాటితే ఆస్పత్రి కదలాలి. కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతాం, దుప్పట్లూ దూదీ పీల్చేస్తాయి కదా. అందుకే గీతలున్న ప్లాస్టిక్ షీటు వచ్చింది: తల్లి పిరుదుల కింద పరిస్తే, గరాటులాంటి సంచిలోకి రక్తం చేరి, ఎంతపోయిందో గీత మీద కనిపిస్తుంది. 2023లో వెలువడిన ఈ–మోటివ్ పరిశోధన నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆస్పత్రుల్లో జరిగింది. షీటుతో కొలిచి, గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, కారణం కోసం పరీక్ష... అన్నీ ఒక్కసారే మొదలుపెట్టిన చోట తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. ఇంటికొచ్చాక గంటలోపే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకించమంటున్నారు.

పారబోయకండి. చిక్కగా, పసుపుగా, తక్కువగా రావడమే వాటి తీరు. రోగాలతో పోరాడే శక్తి వాటిలోనే ఉంది. గంటలోపు రొమ్ముకు పెట్టాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు, బొటులిజం అనే విషం పట్టే ప్రమాదముంది. పెద్దవాళ్ళ చేత తొలి రుచి చూపించే ఆచారముంటే, ఆ పెద్దావిడ చేతులమీదుగానే బిడ్డను తల్లి రొమ్ముకు చేర్చమనండి. గౌరవమూ నిలుస్తుంది, పాలూ దక్కుతాయి.

## బాలింత రోజులు

పథ్యం ఎంతవరకు పాటించాలి?

వెల్లుల్లి కారం, బీరకాయ, పొట్లకాయ, పాతబియ్యం అన్నం, కాయం: వీటితో పేచీ లేదు. పేచీ మానేసిన వాటితో: పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు, అన్నిటికన్నా నీళ్ళు. "నీళ్ళు తాగితే ఒళ్ళు నీరుపడుతుంది" అని గుక్కెడుతో సరిపెడితే మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయి, కుట్లున్నవారికి నరకం. కాన్పయ్యాక కొన్ని వారాలు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలుగానే ఎక్కువ, ఒంట్లో నీరు తగ్గితే ఇంకా పెరుగుతుంది. చల్లనివి వద్దన్న నమ్మకాన్ని మార్చాల్సిన పని లేదు. కాచిన వేడినీళ్ళు, వాము నీళ్ళు, మిరియాల చారు ఇవ్వండి. గుడ్డు ఎన్నో రోజు నుంచి తినొచ్చని పెద్దవాళ్ళను బేరమాడితే ఇరవయ్యొకటో రోజు ఐదో రోజుకు దిగుతుంది.

మంచం కింద కుంపటి, నడికట్టు, సాంబ్రాణి?

కుంపటి వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల్లీబిడ్డలు నిద్రలోనే పోవచ్చు. వెచ్చదనం కావాలంటే బిడ్డను తల్లి ఛాతీకి చర్మం చర్మానికి తగిలేలా ఆనించి పైన దుప్పటి కప్పండి. నడికట్టు ఊపిరి ఆడేలా వదులుగా ఉంటే పర్వాలేదు. సాంబ్రాణి పొగ బిడ్డ ముఖానికి తగలకూడదు.

బొడ్డుకు ఏం రాయాలి? వస అరగదీసి పట్టొచ్చా?

బొడ్డుకు ఏమీ రాయొద్దు. బూడిద, పసుపు, ఆముదం ఏదీ. పొడిగా ఉంచితే దానంతటదే రాలుతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము వాసన వచ్చినా చూపించండి. వస వద్దు, ముక్కులో నూనె చుక్కలు అసలే వద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటికి నూనె రాసి చేయించే స్నానం మాత్రం హాయిగా చేయించుకోవచ్చు.

బాలింత ఏడుస్తోంది, నిద్రపోవడం లేదు. గాలి సోకిందంటున్నారు.

మొదటి వారంలో వచ్చిపోయే ఏడుపు చాలామందికి మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టర్‌కు చూపాలి. లేని మాటలు వినిపిస్తున్నా, బిడ్డకు హాని చేస్తానన్నా అదే రోజు తీసుకెళ్ళాలి, ఒంటరిగా వదలకూడదు. తాయెత్తు కట్టించుకోండి, దానికి ఎవరూ అడ్డుచెప్పరు. ఆ చేత్తోనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం టెలీ–మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

## పరిశోధకులు ఇంటికొచ్చినప్పుడు

సర్వేలో చేరకపోతే పథకాలు ఆగిపోతాయా?

ఆగవు. చేరడం, మధ్యలో మానేయడం మీ ఇష్టం. భర్తో, సర్పంచో, కులపెద్దో ఒప్పుకుంటే సరిపోదు, మీరు ఒప్పుకోవాలి. చదువు రాకపోతే కాగితం మొత్తం చదివి వినిపించాలి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి, ఆ తర్వాతే వేలిముద్ర.

డిశ్చార్జి రోజునే వార్డులో అడిగితే తల్లులు నిజం చెబుతారా?

కొంతే. టాంజానియాలో ఆస్పత్రి గుమ్మంలో అడిగితే 19 శాతం మంది అవమానం జరిగిందన్నారు. కొన్ని వారాల తర్వాత ఊళ్ళో అడిగితే 28 శాతం. బిడ్డ ఇంకా ఆస్పత్రి వాళ్ళ చేతుల్లో ఉందన్న భయం పనిచేస్తుంది. ఇంటి దగ్గర, అత్త వినని చోట, ఆ ఆస్పత్రి సిబ్బంది కాని ఆడమనిషి అడగాలి. "మీతో మర్యాదగా ఉన్నారా?" అంటే అందరూ ఉన్నారనే అంటారు. "పరీక్ష చేసే ముందు చెప్పారా? తెర వేశారా? నీళ్ళడిగితే ఇచ్చారా? ఎవరైనా చేయి చేసుకున్నారా?" అని ఒక్కొక్కటీ విడిగా అడగండి.

ప్రశ్నాపత్రం తెలుగులో ఉంది. కువి, గోండి గూడేల్లో అక్కడికక్కడ అనువదించి అడిగితే చాలదా?

చాలదు. ఒక్కో కార్యకర్త ఒక్కోలా అడుగుతారు, జవాబులు కలపడానికి పనికిరావు. ముందే ఆ భాషలో రాయించి, ఇంకొకరి చేత తిరిగి తెలుగులోకి చెప్పించి, తేడాలు సరిచేసి, పది మంది తల్లుల దగ్గర పరీక్షించాక బయల్దేరండి. ఫలితాలు తేలాక అదే గూడేనికి వెళ్ళి, అదే భాషలో చెప్పే ఖర్చు బడ్జెట్‌లో ముందే రాసుకోండి. చాలా ప్రాజెక్టుల్లో డబ్బు అయిపోయేది అక్కడే.